నిన్నటిదాకా బాగానే ఉన్న పిల్లి

పిల్లిని చంకన పెట్టుకుని పశువుల డాక్టరు గదిలోకి వచ్చేవాళ్ళు చాలామంది మొదట అనే మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే ఉందండీ." ఆరేళ్ళ కిందట నేనూ అదే అన్నాను. మా రాగికి అప్పుడు పదమూడేళ్ళు. ముందురోజు పొద్దున గిన్నె ముట్టలేదు. సాయంత్రానికి వంటింట్లో గ్యాస్ సిలిండరు వెనకాల ముడుచుకుని కూర్చుంది. పిలిస్తే చూసింది గాని లేవలేదు.

డాక్టరు దాని భుజాల దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలారు. ఒంట్లో నీరున్న పిల్లికి ఆ చర్మం రబ్బరులా చటుక్కున వెనక్కి పోవాలి. రాగి చర్మం చిన్న గుడారంలా నిలబడి, మెల్లగా దిగింది. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. "ఈమధ్య నీళ్ళెక్కువ తాగుతోందామ్మా? ఎత్తులకి ఎక్కడం తగ్గించిందా? ఎత్తుకుంటే తేలిగ్గా అనిపిస్తోందా?"

మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. సంక్రాంతి నుంచీ స్నానాలగదిలో బకెట్టు అంచున నిలబడి నీళ్ళు తాగుతోంది. ఎండలు మొదలవుతున్నాయి కదా అనుకున్నాం. ఫ్రిజ్ మీదకి ఒక్క దూకుతో ఎక్కేది కాస్తా ముందు కుర్చీ, దాని మీంచి బల్ల, బల్ల మీంచి ఫ్రిజ్ ఎక్కుతోంది. పెద్దదైంది కదా అనుకున్నాం. తేలికైందన్న సంగతి మా నాన్న ఉగాదికి వచ్చినప్పుడే అన్నారు. అన్నీ మా కళ్ళ ముందే జరిగాయి. ఏదీ మాకు జబ్బులా కనిపించలేదు.

పిల్లి వైద్యం గురించి మా ఇంట్లో అప్పటికే రెండు పక్షాలు ఉండేవి. "పిల్లికి ఆస్పత్రేంటమ్మా! నాలుగు గడ్డి పరకలు తిని కక్కేసి తెల్లారేసరికి లేస్తుంది" అనేవారు నాన్న. మా అమ్మాయి, అది రెండుసార్లు తుమ్మితే ఫోను తీసి అపాయింట్‌మెంట్ వెతికేది. అపార్ట్‌మెంట్‌లో పిల్లుల్ని పెంచే మిగతా ఇళ్ళలోనూ ఇదే తకరారు. చూస్తే ఒకరికి పిల్లి మీద ప్రేమ ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అనిపిస్తుంది. కాని నాన్న తన కంచంలోని చేపముక్క ముల్లు తీసి దానికి పెట్టే మనిషి. తేడా వేరేచోట ఉంది. జబ్బుపడిన జంతువు ఎలా కనిపిస్తుందని మనం అనుకుంటామో, పిల్లి అలా కనిపించదు.

ముట్టె తడి చూసి చెప్పేవాళ్ళు

మా నాన్న పశువుల మనిషి. కొట్టంలో అడుగుపెట్టగానే ఏ గొడ్డు నలతగా ఉందో చెప్పేవారు. ముట్టె మీద మంచుబొట్ల లాంటి చెమ్మ ఉండాలి, ఆరిందంటే జ్వరం. నెమరు ఆగితే పొట్టలో తేడా. పాలు అరలీటరు తగ్గితే ఏదో మొదలైనట్టే. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ అంటూ ఒక్కో రోగానికి పల్లెలో ఒక పేరుంది, ఆ పేరు వెనక లక్షణాలన్నీ ఉన్నాయి. గొడ్డు పోతే ఇల్లే కుంగిపోయే బతుకుల్లోంచి తరాల తరబడి పోగైన చదువు అది.

పిల్లి విషయంలో అలాంటి చదువు మనకు లేదు. పిల్లి జబ్బుకి ఒక్క పేరైనా మా ఊళ్ళో నేను వినలేదు. అది పాలివ్వదు, కాడి మోయదు. గాదె దగ్గర ఎలుకల్ని పట్టేది ఒకటి పోతే ఇంకొకటి వచ్చి చేరేది. మన మాటల్లో పిల్లి శకునంగా వస్తుంది, దొంగగా వస్తుంది, గోడ మీద కూర్చుని ఎటూ తేల్చని మనిషిగా వస్తుంది. రోగిగా మాత్రం రాదు. పశువైద్యం కూడా పాడి, సేద్యం చుట్టూనే పెరిగింది. 1962కి ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నా, ప్రధానంగా అవి రైతు గొడ్ల కోసమే మొదలయ్యాయి. నగరాల్లో పెంపుడు జంతువుల క్లినిక్కులు చాలానే వచ్చాయి గాని, అక్కడ బెంచీల దగ్గర ఎక్కువగా కనిపించేది కుక్కలే.

పిల్లిని ఇంట్లో మనిషిలా చూసుకునే దేశాల్లోనూ పరిస్థితి దీనికి మరీ దూరంగా లేదు. అమెరికాలో బేయర్ సంస్థ పిల్లుల వైద్యుల సంఘంతో కలిసి జరిపిన సర్వే 2013లో వచ్చింది. పిల్లిని పెంచేవాళ్ళలో సగానికి పైగా అంతకుముందు ఏడాదంతా ఒక్కసారి కూడా డాక్టరుకు చూపించలేదని అందులో తేలింది. ఇంటి గడప దాటని పిల్లికి రోగం ఎక్కణ్ణుంచి వస్తుందన్న నమ్మకం అక్కడా గట్టిదే.

ఒంటరి వేటగాడి లెక్క

ఇంటిపిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల ఎండునేలల్లో తిరిగే జంతువు. సుమారు పదివేల ఏళ్ళ కిందట పశ్చిమాసియాలో మనుషులు పంటలు పండించి గింజలు దాచడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి తవ్వితే, మనిషి అస్థిపంజరానికి మూరెడు దూరంలో పిల్లి అస్థిపంజరం బయటపడింది. 2004లో ఆ సంగతి లోకానికి తెలిసింది. కుక్కను మనిషి వేటకీ కాపలాకీ పనికొచ్చేలా ఏరి ఏరి పెంచాడు. పిల్లి తనంతట తానే వచ్చి గడపలో కూర్చుంది. లోపల అది ఇప్పటికీ చాలావరకు ఆ అడవిపిల్లే.

అడవిపిల్లి ఒంటరిగా వేటాడుతుంది. కుక్కకు మూలమైన తోడేళ్ళు గుంపుగా బతుకుతాయి. గుంపులో ఒకటి కుంటితే మిగతావి వేట తెచ్చిపెట్టే వీలుంది కాబట్టి, నొప్పిని బయటపెడితే లాభం ఉంది. ఒంటరి పిల్లికి కూడు తెచ్చేవాళ్ళు లేరు. పైగా ఎలుకకు పులి అయిన ఈ జంతువే నక్కకూ గద్దకూ తిండి. మూలిగితే సాయం రాదు, శత్రువు వస్తాడు. వేల తరాలపాటు కుంటుతూ కనిపించినవి పోతూ, కుంటు కనపడనివ్వనివి పిల్లల్ని పెడుతూ వచ్చాయి. పిల్లి జబ్బుని దాస్తుంది అంటాం గాని, అది ఆలోచించి చేసే పని కాదు. ఒళ్ళే అలా తయారైంది.

అందుకే పిల్లి నొప్పిని వెతికే తీరు వేరుగా ఉండాలి. నొప్పి వస్తే కుక్క కొత్తగా ఏదో ఒకటి చేస్తుంది: మూలుగుతుంది, కాలు ఎత్తి పట్టుకుంటుంది, వచ్చి ఒళ్ళో తల పెడుతుంది. పిల్లి అప్పటిదాకా చేసే పనుల్లో ఒకటి మానేస్తుంది. వీపు నాక్కోవడం మానేస్తే నడుం మీద బొచ్చు ఉండలు కడుతుంది. కిటికీ గట్టు మానేసి నేలమీద పడుకుంటుంది. గోళ్ళు గీరుకోవడం తగ్గి అవి పెరిగి వంకర తిరుగుతాయి. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను అమెరికా పరిశోధకులు పరిశీలిస్తే 90 పిల్లుల కీళ్ళలో అరుగుదల కనిపించింది. వాటిలో మూలుగుతూ వచ్చినవి ఎన్నని! మా రాగి కుర్చీ మీంచి బల్లకీ, బల్ల మీంచి ఫ్రిజ్‌కీ కట్టుకున్న మెట్లవరస దాని మోకాళ్ళ కథ. మేం దాన్ని వయసు అని పిలిచాం.

గురగురమనడం కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒళ్ళో పడుకుని గురగురమనే పిల్లి సుఖంగా ఉందనుకుంటాం. చాలాసార్లు నిజమే. కాని ప్రసవించేటప్పుడూ, గాయపడినప్పుడూ, ప్రాణం పోయేముందూ కూడా పిల్లులు గురగురమంటాయి.

> మొహంలో ఐదు ఆనవాళ్ళు
>
> పిల్లి మొహం చూసి నొప్పిని కొలిచే పద్ధతి ఒకదాన్ని కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2019లో ప్రకటించారు. చూడాల్సినవి ఐదు. చెవులు: నిక్కబొడుచుకుని ముందుకు ఉన్నాయా, పక్కలకు వాలి విడిపోయాయా? కళ్ళు: బాగా తెరుచుకున్నాయా, చికిలించుకున్నాయా? మూతి: గుండ్రంగా వదులుగా ఉందా, బిగుసుకుని కోలగా అయిందా? మీసాలు: వంపు తిరిగి వాలి ఉన్నాయా, నిటారుగా ముందుకు పొడుచుకొచ్చాయా? తల: భుజాల కంటే పైకి ఉందా, కిందికి వాలిందా?
>
> ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం పది. నాలుగు, ఆపైన వస్తే నొప్పి తగ్గించే మందు గురించి ఆలోచించాలి. నిద్రలోనో తింటున్నప్పుడో నాక్కుంటున్నప్పుడో చూడకూడదు. మెలకువగా, ఊరికే కూర్చున్నప్పుడు అరనిమిషం చూడాలి. మన పిల్లి ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫొటో ఒకటి ఎదురుగా తీసి ఉంచుకుంటే పోల్చి చూడటం తేలిక.

అడుగంటాక గాని చెప్పని కిడ్నీ

రాగికి వచ్చింది కిడ్నీ జబ్బు. ముసలి పిల్లుల్లో ఇది ఎంత మామూలంటే, పదేళ్ళు దాటిన పిల్లిని చూడగానే డాక్టర్లు మొదట అనుమానించే జబ్బుల్లో ఇదొకటి. దీని నడక తెలిస్తే "నిన్నటిదాకా బాగానే ఉంది" అన్న మాట ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థమవుతుంది.

కిడ్నీ అంటే లక్షల సన్నటి జల్లెళ్ళ కట్ట. మనిషికి ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలు, కుక్కకు నాలుగు లక్షలు, పిల్లికి సుమారు రెండు లక్షలు ఉంటాయి. రక్తం ఆ జల్లెళ్ళ గుండా వెళ్ళేటప్పుడు మలినాలు కిందికి దిగుతాయి, పనికొచ్చే నీళ్ళు వెనక్కి పోతాయి. ఎండునేలల జంతువు కాబట్టి పిల్లి నీళ్ళని వెనక్కి పీల్చుకోవడంలో మనకంటే చాలా నేర్పరి. దాని మూత్రం మన మూత్రానికి రెండింతలకు పైగా చిక్కబడగలదు. ఎలుక ఒంట్లో ఉన్న తడితోనే అడవిపిల్లి చాలావరకు దాహం తీర్చుకునేది అందుకే. దాహం తక్కువగా వేయడం దాని పుట్టుకలోనే ఉంది.

వయసుతో జల్లెళ్ళు ఒక్కొక్కటే మూతపడతాయి. పడింది మళ్ళీ తెరుచుకోదు. మూతపడినవాటి పని మిగిలినవి మీద వేసుకుంటాయి. మేడమీద ట్యాంకు నిండుగా ఉన్నా సగమే ఉన్నా వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ట్యాంకు అడుగంటే రోజు దాకా కింద ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. పిల్లిలో మూడింట రెండొంతులు జల్లెళ్ళు పోయేదాకా మూత్రం చిక్కగానే వస్తుంది. ఆ గీత దాటాక పలచబడుతుంది. పలచబడితే నీళ్ళు ఎక్కువగా బయటికి పోతాయి, పోయిన నీళ్ళ కోసం దాహం వేస్తుంది, దాహానికి అది బకెట్టు అంచు ఎక్కుతుంది. నీళ్ళు బాగా తాగుతోందని మనం సంతోషించే దశ అది. అది తాగేది, పోయిన నీళ్ళని పూడ్చుకోవడానికి. ఇంకొన్ని నెలలు అలా లాక్కొస్తుంది. మామూలు రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే మలినం అంకె పెరగాలంటే నాలుగింట మూడొంతులు పోవాలి. ఇంకాస్త ముందే పసిగట్టే ఎస్‌డీఎంఏ అన్న పరీక్ష ఇప్పుడు ఉంది. చివరికి ఒకరోజు తాగిన నీళ్ళు పోయే నీళ్ళతో సరితూగవు. ఒళ్ళు ఎండుతుంది, మలినాలు రక్తంలో నిలుస్తాయి, వికారం, గిన్నె ముట్టదు. మనకు కనబడే మొదటి రోజు ఇదే. జబ్బు మొదలై అప్పటికి ఏళ్ళు.

మూడొంతులు పోయాక తెలిసినా ఏమీ చేయలేమా అంటే చేయవచ్చు. రాగికి చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు నాకు నేర్పారు. తిండి మార్చాం, భాస్వరం తక్కువగా ఉండేది. అది ఇంకా పద్నాలుగు నెలలు బతికింది, అందులో పన్నెండు నెలలు బాగా బతికింది. ఇంకో ఏడాది ముందు తెలిసి ఉంటే ఎంత కాలం కలిసొచ్చేదో అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పదేళ్ళ పిల్లి వయసు మనలో యాభై ఐదు, యాభై ఆరేళ్ళకు సమానం. ఆ తర్వాత దానికి ఒక్క ఏడాది గడిస్తే మనకు నాలుగేళ్ళు గడిచినట్టు. ఏడాదికోసారి, పదేళ్ళు దాటాక ఆరునెలలకోసారి చూపించమని డాక్టర్లు చెప్పేది ఆ లెక్కతోనే.

> ఆగకూడని వేళలు
>
> మగపిల్లి మూత్రానికి పదేపదే కూర్చుని ముక్కుతూ, చుక్క రాక అవస్థ పడుతుంటే అది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించే ఇళ్ళున్నాయి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. చిన్న గులకలూ జిగురూ చేరి మూసుకుంటుంది. మూత్రం వెనక్కి తన్ని, రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రైనా సరే బయల్దేరాలి.
>
> నోరు తెరిచి ఆయాసపడటం, వెనక కాళ్ళు ఉన్నట్టుండి పడిపోవడం కూడా అంతే. ఒక పూర్తి రోజు ఏమీ తినకపోతే మర్నాటి దాకా ఆగకూడదు. లావుపాటి పిల్లి కొన్ని రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి, కాలేయమే పడకేస్తుంది. లంఖణం పరమౌషధం అన్నది పిల్లికి వర్తించదు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి

జబ్బు తెలిసినా తీసుకెళ్ళడానికి వెనకాడేవాళ్ళున్నారు. కారణం పిల్లిని మోసుకెళ్ళే బుట్ట. దాన్ని చూడగానే పిల్లి మంచం కిందికి దూరుతుంది. బయటికి లాగితే చేతులు రక్తాలు. దారంతా అరుపులు. క్లినిక్కులో కుక్కల మధ్య వణుకు. తిరిగొచ్చాక రెండు రోజులు మన మొహం చూడదు. "దాన్ని అంత హింసపెట్టి ఎందుకు తీసుకెళ్ళాలి" అనే మాట కఠినత్వం నుంచి రాదు, జాలి నుంచి వస్తుంది.

పిల్లి ఇదెలా నేర్చుకుంటుందో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి తెనాలి రామకృష్ణుడు మొదటిరోజే కాగే పాలు పెట్టాడన్న కథ మనందరికీ తెలుసు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు పరుగే. ఒక్క అనుభవంతో వస్తువుకీ బాధకీ ముడి పడిపోయింది. మన ఇళ్ళలో బుట్ట ఆ పాలగిన్నె లాంటిది. ఏడాదంతా అటక మీద ఉండి, సూది వేయించే రోజే కిందికి దిగుతుంది.

బుట్ట దాటాక ఇంకో కష్టం. పిల్లి మనుషుల కంటే చోటుని నమ్ముకుని బతుకుతుంది. బుగ్గలు తలుపు చట్రానికీ బల్ల కాలికీ మన పిక్కలకీ రుద్దుతుందే, అక్కడ దాని గ్రంథులు వదిలే వాసన 'ఇది నా చోటు, భయం లేదు' అన్న ముద్ర. క్లినిక్కులో ఆ ముద్ర ఎక్కడా లేదు. ఉన్నవి స్పిరిట్ వాసన, భయపడిన ఇతర జంతువుల వాసన. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 60 వేలు దాటి వింటుంది. ఆటో బ్రేకు కీచుమన్నప్పుడు మనకు వినపడని పొర ఒకటి దానికి వినపడుతుంది.

ఈ భయం డాక్టరుని కూడా తికమక పెడుతుంది. బెదిరిన పిల్లి రక్తంలో చక్కెర షుగర్ జబ్బు ఉందేమో అన్నంతగా పెరగొచ్చు. బీపీ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. కుంటే పిల్లి బల్ల మీద పెట్టగానే కదలకుండా ముడుచుకుంటే కుంటు ఎలా కనబడుతుంది? ఇంట్లో అది నడిచే తీరు, మెట్లు దిగే తీరు, ఆయాసపడే తీరు ఫోనులో వీడియో తీసి చూపిస్తే ఏ పరీక్షకూ దొరకనిది డాక్టరుకు దొరుకుతుంది.

పడ్డ ముడిని విప్పవచ్చు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు 22 పిల్లులతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. సగం పిల్లులకు ముందే కొన్ని వారాలు బుట్ట అలవాటు చేశారు. అవి కారు ప్రయాణంలో తక్కువ బెదిరాయి, పరీక్ష కూడా త్వరగా ముగిసింది. మేం చేసింది ఇంతే. బుట్టని అటక దించి, మూత తీసి, హాల్లో మూల పెట్టాం. లోపల నా పాత నూలు చీర మడత. మొదటి వారం మా ఇప్పటి పిల్లి బుజ్జి దాని దరిదాపులకి రాలేదు. తర్వాత గిన్నె బుట్ట ముందు పెట్టాం, నాలుగు రోజులకి గుమ్మంలో, ఇంకో వారానికి లోపల. అది తింటుండగా మూత వేసి మూడు లెక్కపెట్టి తీయడం, తర్వాత పది. ఇప్పుడు బుజ్జి మధ్యాహ్నం నిద్ర ఆ బుట్టలోనే. దారిలో పైన తువ్వాలు కప్పుతాం, చూపు ఆగితే సగం బెదురు ఆగుతుంది. మరీ హడలిపోయే పిల్లులకు బయల్దేరే ముందు ఇవ్వడానికి మందులున్నాయి, డాక్టరు రాసిస్తారు. క్లినిక్కులో బుట్టని నేలమీద కాకుండా కుర్చీ మీద పెట్టండి. మెడ వెనక చర్మం పట్టి వేలాడదీసే పద్ధతిని పిల్లుల వైద్యుల సంఘాలు ఇప్పుడు వద్దంటున్నాయి. తల్లి అలా మోసేది పసికూనని.

ఇంటివైద్యం ఎక్కడ ఆపాలి

ఇంట్లో చూసుకోవడం తప్పని నేను అనను. పిల్లిని రోజంతా చూసేది మనమే. కాని మనకు పనికొచ్చే మందు దానికీ పనికొస్తుందన్న నమ్మకం ప్రాణాలు తీస్తోంది, ముఖ్యంగా పారాసిటమాల్ విషయంలో.

మనం మింగిన మాత్రకు మన కాలేయం పనయ్యాక చక్కెర లాంటి ఒక పిడి తగిలిస్తుంది. ఆ పిడి పట్టుకుని ఒళ్ళు దాన్ని నీళ్ళతో బయటికి తోస్తుంది. మొక్కల్లోని రకరకాల రసాయనాలను తిని అరిగించుకోవాల్సిన జంతువులకు ఈ ఏర్పాటు అవసరం. తరతరాలుగా మాంసమే తిన్న పిల్లికి ఆ అవసరం రాలేదు. పిడి తగిలించే జన్యువుల్లో ముఖ్యమైనది ఒకటి దానిలో చెడిపోయి ఉంది. దాంతో పారాసిటమాల్ వేరే దారిన పోయి విషంగా మారి ఎర్రరక్తకణాల మీద పడుతుంది. రక్తం ప్రాణవాయువు మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది, చిగుళ్ళు నల్లబడతాయి, మొహం వాస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం పోవడానికి. పసిపిల్లల సిరప్పూ అంతే. నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేలమీద నడిచి పాదాలు నాక్కున్న పిల్లికి చేటు జరిగేదీ ఇదే లోపం వల్ల. ఉల్లి, వెల్లుల్లి కూడా దాని ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, కాబట్టి కోడికూర పులుసు కలిపిన అన్నం ముద్ద అది ఎంత అడిగినా పెట్టకూడదు. మసాలా వేయకముందు నాలుగు ఉడికిన ముక్కలు తీసి పక్కన పెడితే సరిపోతుంది.

పాలన్నం, పెరుగన్నంతో పెంచే ఇళ్ళకూ ఒక మాట. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. అంతకంటే పెద్ద సంగతి టారిన్. ఇది మాంసం, చేపల్లో ఉండే పదార్థం. మన ఒళ్ళు దీన్ని తయారు చేసుకుంటుంది, పిల్లి ఒళ్ళు చాలినంత చేసుకోలేదు. 1987లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయంలో పాల్ పియాన్ అనే పశువైద్యుడు, గుండె కండ పలచబడి బెలూనులా సాగి చనిపోతున్న పిల్లుల్లో టారిన్ తక్కువగా ఉందని చూపించారు. టారిన్ ఇవ్వగానే చాలావాటి గుండె కోలుకుంది. ఆ తర్వాత పిల్లుల తిండి తయారుచేసే కంపెనీలు అందులో టారిన్ పెంచాయి, ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. శాకాహారుల ఇంట్లో పిల్లి ఉండకూడదని కాదు, దాని గిన్నె వేరుగా ఉండాలి. ఇంట్లో మాంసం వద్దనుకుంటే టారిన్ కలిపిన డ్రై ఫుడ్ అయినా కావాలి.

ఎంత వైద్యం చాలు

ఈ ప్రశ్నకు లోకమంతా ఒకే జవాబు లేదు. బ్రిటన్‌లో తలుపుకి చిన్న కిటికీ పెట్టి పిల్లిని వీధిలోకి వదలడం మామూలు. అమెరికాలో ఇంట్లోనే ఉంచమంటారు, మరోవైపు సోఫాలు గీరకుండా గోళ్ళని ఎముకతో సహా కోయించే ఆపరేషన్ అక్కడ ఏళ్ళ తరబడి సాగింది. న్యూయార్క్ 2019లో నిషేధించి, అలా చేసిన మొదటి రాష్ట్రమైంది. ఆ ఆపరేషన్ బ్రిటన్ వాళ్ళకి వినడానికే ఘోరం. ప్రేమకు రూపాలు ఇన్ని ఉన్నప్పుడు మా ఇంట్లో రెండు పక్షాలుండటం వింతేమీ కాదు.

డబ్బు మాటా ఉంది. నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుందో లెక్కపెట్టుకునే ఇంట్లో పిల్లికి స్కానింగ్ అంటే చిన్న సంగతి కాదు. అలాంటివారికి నా లెక్క ఇది. తుమ్ములకీ ఒకసారి కక్కినదానికీ పరుగెత్తక్కర్లేదు, తింటూ తిరుగుతూ ఉంటే రెండు రోజులు చూడవచ్చు. ఆ డబ్బు కూన టీకాలకు దాచండి. పార్వో అని మనవాళ్ళు పిలిచే పాన్‌ల్యూకోపీనియా కూనల్ని రోజుల్లో తీసుకుపోతుంది, దానికి టీకా ఉంది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇది పిల్లి కోసం ఎంతో మన కోసం అంత. రేబిస్ కుక్కల నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. పిల్లి కరిచినా రక్తం వచ్చేలా గీరినా పావుగంట సబ్బుతో కారే నీళ్ళ కింద కడిగి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఐదారు నెలలకల్లా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆ తర్వాతి ఏళ్ళకి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, తూకం చాలు. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గితే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. మనిషి అలా తగ్గితే ఇల్లంతా కంగారు పడుతుంది. పిల్లి బొచ్చు కింద ఆ తరుగుదల కంటికి కనబడదు, తూకానికి దొరుకుతుంది.

రాగి పోయాక రెండేళ్ళకి బుజ్జి వచ్చింది. నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి కిడ్నీ జల్లెళ్ళ సంగతి చెప్పినప్పుడు ఎక్కువేమీ మాట్లాడలేదు. "పాలు తగ్గితే గొడ్డు సంగతి తెలిసేది. దీనికి అదీ లేదు కదమ్మా" అన్నారు. మర్నాడు కూరగాయల బజారు పక్క దుకాణంలో పది కిలోల దాకా తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కొచ్చారు. నెల మొదటి ఆదివారం, కాఫీ తాగాక, బుట్టలో నిద్రపోతున్న బుజ్జిని బుట్టతో సహా కాటా మీద పెట్టి, బుట్ట బరువు తీసేసి, వంటింటి క్యాలెండర్‌లో పాలప్యాకెట్ల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీల పక్కన పెన్సిలుతో రాస్తారు. ఈ ఏడాది అంకెలు ఇప్పటికి ఆరున్నాయి. 4.1, 4.1, 4.2, 4.1, 4.1, 4.0. చివరిదాని కింద ఆయన సన్నగా ఒక గీత గీసి ఉంచారు. వచ్చే ఆదివారం మళ్ళీ తూస్తారట.